హెడ్డాఫీసు ఒప్పుకోవాలి

మా మామయ్య జీవితంలో సొంతంగా ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు. అన్నీ హెడ్డాఫీసే తీసుకుంది. ఈ సంగతి ఆయనే చెప్పుకునేవాడు, అదీ గర్వంగా. సినిమాకి వెళ్దామా అంటే "హెడ్డాఫీసు ఏమంటుందో" అనేవాడు. గొడుగు తీసుకెళ్ళమంటే ఆకాశం వంక చూసి "పైనుంచి ఇంకా ఆర్డరు రాలేదు" అనేవాడు. క్షవరం చేసే ఆయన "ఎంత పొట్టిగా తియ్యమంటారు?" అని అడిగితే, అద్దంలో తనని తనే అనుమానంగా చూసుకుని, "చెవుల దగ్గర నీ ఇష్టం. పైన మాత్రం హెడ్డాఫీసు, చూసి ముట్టుకో" అనేవాడు.

మామయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. బీరువాలూ తాళాలూ తయారుచేసే ఒక కంపెనీకి మా ఊళ్ళో ఉన్న బ్రాంచికి మేనేజరు. కింద దుకాణం, పైన ఆఫీసు, వెనకాల బీరువాలు వరసగా నిలబెట్టిన స్టోరు గది. నా చదువు అవగానే అక్కడే గుమాస్తాగా చేరాను. మేనకోడలు కదా, మామయ్యే ఇప్పించుంటాడని చుట్టాలందరూ అనుకున్నారు. "నాకేం తెలియదు, దాన్ని హెడ్డాఫీసు తీసుకుంది" అన్నాడాయన. మా అమ్మ పాపం అది నిజమే అనుకుని, నా తెలివితేటలు అంత దూరం పాకాయని పొంగిపోయింది.

ఆఫీసులో ఆయన్ని మామయ్యా అనకూడదు. సార్ అనాలి. మొదట్లో ఒకరోజు నోరు జారి, "మామయ్యా, నీకు ఫోను" అన్నాను. ఆయన కళ్ళజోడు మీదుగా చూసి, "ఇక్కడ చుట్టరికాలు లేవమ్మా. ఏమైనా ఉంటే హెడ్డాఫీసుకి చెప్పుకో" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే వచ్చి తన క్యారేజీలో కూర సగం నా పళ్ళెంలోకి ఒంపి, "తినవే, చిక్కిపోయావు" అన్నాడు. కూరకి మాత్రం హెడ్డాఫీసు అనుమతి ఉన్నట్టుంది.

ఆ మాటకి నిఘంటువులో ఒకే అర్థం ఉంటే ఉండొచ్చు. మామయ్య నోట్లో పడ్డాక దానికి అర్థాలు పిల్లలు పెట్టేవి. ఒకసారి ఆయనకి తలనొప్పి వస్తే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాను.

"ఎక్కడ నొప్పి?" అన్నారు డాక్టరుగారు.

"హెడ్డాఫీసులో."

డాక్టరుగారు కలం కింద పెట్టారు. "ఆఫీసు గొడవలు నాకెందుకండీ, ఒంట్లో సంగతి చెప్పండి."

"ఒంట్లో సంగతే డాక్టరుగారూ. బ్రాంచీలన్నీ బాగానే ఉన్నాయి" అని మామయ్య కాళ్ళూ చేతులూ ఆడించి చూపించాడు. "గోడౌను కూడా ఖాళీగా లేదు" అని పొట్ట తట్టుకున్నాడు.

డాక్టరుగారు మెల్లిగా నావైపు తిరిగి, "ఎప్పట్నుంచి ఇలా?" అన్నారు. ఆయన అడిగేది తలనొప్పి గురించి కాదని నాకర్థమైంది. "ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ అండీ" అన్నాను.

ఇంట్లోనూ ఇదే వరస. అత్తయ్య ఒకసారి ఉండబట్టలేక, "అయితే ఈ ఇంటికి హెడ్డాఫీసు ఎక్కడండీ? నా వంటిల్లేనా?" అని అడిగింది. ఆ ఒక్కసారికి అవునని ఊరుకుంటే పోయేదానికి, మామయ్య తీవ్రంగా ఆలోచించి, "వంటిల్లు ఫ్యాక్టరీ. అక్కడ తయారీయే గానీ నిర్ణయాలు జరగవు" అన్నాడు. అత్తయ్య గరిటె గోడకి తగిలించి వచ్చి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఇవాళ ఫ్యాక్టరీలో సమ్మె" అంది. ఆ రోజు వాళ్ళింట్లోనే ఉన్న నేనూ, మామయ్యా అరటిపళ్ళు తిని పడుకున్నాం.

అయితే ఆ మాటని ఎవరు ఎలా పడితే అలా వాడితే మామయ్య ఊరుకునేవాడు కాదు. పక్కవీధి పెద్దమనిషి ఒకాయన పోయినప్పుడు ఎవరో పైకి చెయ్యి చూపించి, "పాపం, హెడ్డాఫీసు నుంచి పిలుపొచ్చింది" అన్నారు. మామయ్యకి నిజంగా కోపం వచ్చింది. "అపశకునం మాటలు ఆడకండి. మా హెడ్డాఫీసుకి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు. నేను రాలేదూ?" అన్నాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "రాకుండా అక్కడే ఉండిపోతే బాగుండేది, అది వేరే సంగతి" అన్నాడు. చావుకి వచ్చినవాళ్ళందరూ ఆయన వంక బెదురుగా చూశారు.

మా ఆఫీసు ఉన్న మేడకి యజమాని ఒక రిటైరైన తెలుగు మాస్టారు. పై వాటాలో ఉండేవారు. మెట్లు దిగుతూ మామయ్య మాటలు చెవిన పడినప్పుడల్లా ఆయనకి పళ్ళలో రాయి పడ్డట్టు ఉండేది. ఒకరోజు తెగించి లోపలికే వచ్చేశారు.

"చక్కటి తెలుగు మాట ఉండగా ఆ హెడ్డేమిటయ్యా? ప్రధాన కార్యాలయం అనరాదూ?"

"ప్రధానం అంటే ముఖ్యమైనదనే కదండీ?"

"అవును."

"అయితే మేం అప్రధానం అన్నమాట. ఈ మాట మా తాళాల మేస్త్రి వింటే అన్నం మానేస్తాడు."

"పోనీ, కేంద్ర కార్యాలయం అను."

"కేంద్రం అంటే నడిమధ్యన ఉండాలి. మాది రైలుపట్టాలు అయిపోయే చోట, సముద్రం ఒడ్డున ఉందండీ. ఇంకాస్త అవతల కట్టుంటే నీళ్ళలో పడేది."

"ముఖ్య కార్యాలయం?"

"ప్రధానం అన్నా ముఖ్యం అన్నా మా మేస్త్రికి అవమానం ఒకటేనండీ."

మాస్టారి ముఖం ఎర్రబడింది. "అయితే తలాఫీసు అను! నెత్తాఫీసు అను! నీ ఇష్టం!"

"ఇందులో నా ఇష్టం ఏముందండీ, హెడ్డాఫీసు..."

మాస్టారు గిర్రున తిరిగి మెట్లెక్కారు. ఎక్కుతూ "శిరోభారం!" అన్నారు. అది ఆ మాటకి కొత్త అనువాదమో, మామయ్య గురించో ఇప్పటికీ తెలియదు.

"అసలు హెడ్డాఫీసు అంటే ఏమిటి సార్?" అని ఆ వేళ నేనూ అడిగాను. మామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. "కాదు అనడానికి ఎవరైనా సరిపోతారమ్మా. బ్రాంచి సరిపోతుంది, వాకిట్లో కాపలావాడు సరిపోతాడు. సరే అనగలిగినవాళ్ళు కూర్చునే చోటుని హెడ్డాఫీసు అంటారు" అన్నాడు.

మాస్టారు పట్టువదల్లేదు. అద్దె మేడ మీద తెలుగు బోర్డు తప్ప వేరే బోర్డు ఉండకూడదని షరతు పెట్టారు. బోర్డులు రాసే పెయింటరు వచ్చాడు. పైన కంపెనీ పేరు, దాని కింద శాఖా కార్యాలయం అని, అట్టడుగున చిన్న అక్షరాల్లో ప్రధాన కార్యాలయం ఫలానా ఊరు అని రాయాలి. పెయింటరుకి పెద్ద అక్షరాలు రాయడమంటే సరదా. ఏ వరస ముందు మొదలుపెట్టాడో ఏమో, సాయంత్రానికి నిచ్చెన దిగేసరికి బోర్డు నిండిపోయింది. 'తాళాలు, బీరువాలు, ప్రధాన కార్యాలయం.' ఇంకేమీ రాయడానికి చోటు లేదు.

మేమంతా రోడ్డు మీదికి వచ్చి తలలెత్తి చూశాం. "తుడిచెయ్యమంటారా సార్?" అన్నాడు పెయింటరు భయంగా.

మామయ్య బోర్డు వంక ఇంకోసారి చూశాడు. "రంగు ఆరనీ. పచ్చి రంగు తుడిస్తే బోర్డు పాడవుతుంది" అన్నాడు చివరికి.

ఆ రంగు ఆరడానికి వానాకాలమంతా పట్టింది. రోజూ పొద్దున్న మామయ్య అవతలి వైపు ఫుట్‌పాత్ మీద నిలబడి ఆ బోర్డు వంక చూసేవాడు. తర్వాత చొక్కా సర్దుకుని, ఎవరో గొప్ప ఉద్యోగస్థుడు నడిచినట్టు రోడ్డు దాటి, ఆ అక్షరాల కిందుగా లోపలికి వచ్చేవాడు. వానలు తగ్గాక, తనిఖీకి మనుషులు వస్తున్నారని తెలిసి ఆయనే పెయింటర్ని పిలిపించాడు. ఆ రోజు తన క్యారేజీలో కూర మొత్తం నా పళ్ళెంలోనే ఒంపేశాడు.

ఆయనకి ఆ చోటు మీద అంత బెంగ ఎందుకో మాకందరికీ తెలుసు. వందసార్లు చెప్పాడు. కుర్రతనంలో ఉద్యోగం ఇంటర్వ్యూకి ఒకే ఒక్కసారి హెడ్డాఫీసుకి వెళ్ళాడు. పొడుగాటి హాలు. టైపు మిషన్లన్నీ ఒక్కసారి మోగుతుంటే రేకుల మీద వాన పడ్డట్టు ఉందట. కిటికీలు మనిషికన్నా ఎత్తు. ఆ కిటికీల నిండా సముద్రం. ఒక కిటికీ పక్కన ఖాళీ బల్ల ఒకటి ఉంటే, పిలుపు వచ్చేదాకా ఎవరూ చూడకుండా దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడట. "చల్లగా ఉందే" అనేవాడు, ఇంకా ఆ చల్లదనం అరచేతిలో ఉన్నట్టు. ఉద్యోగం వచ్చింది గానీ ఆ బల్ల రాలేదు. మా ఊరికి వేశారు.

"నన్నెప్పుడు తీసుకెళ్తారండీ ఆ సముద్రం దగ్గరికి?" అనేది అత్తయ్య. ఆవిడ సముద్రం చూడలేదు.

"ఊరికే చూసొస్తే ఏం బాగుంటుంది? బదిలీ అయి దర్జాగా వెళ్దాం" అనేవాడు మామయ్య. ఏటా బదిలీల కాలం వచ్చేసరికి పెళ్ళినాటి కోటు ఉతికించి, ఇస్త్రీ చేయించి పెట్టుకునేవాడు. బదిలీల కాలం వెళ్ళిపోయాక అత్తయ్య దాన్ని మళ్ళీ మడతపెట్టి బీరువాలో దాచేది. ఇద్దరూ ఆ కోటు గురించి ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

ఇక హెడ్డాఫీసు గొప్పతనం మా బ్రాంచిలో మామయ్యకే కాదు, అందరికీ తెలుసు. దాని మంచి మనసు అలాంటిది. మా కంపెనీ బీరువాకి తాళంచెవి పోతే, మారు చెవి హెడ్డాఫీసు నుంచే రావాలి. మేస్త్రి తన చేత్తో తెరవకూడదు. అది రూలు. ఒకరోజు ఒక టైలరు లబలబలాడుతూ వచ్చాడు. మర్నాడు పెళ్ళి, పెళ్ళికూతురి బట్టలు బీరువాలో, తాళంచెవి ఎక్కడో.

"హెడ్డాఫీసు ఒప్పుకోవాలి" అన్నాడు మామయ్య.

"ఒప్పుకునేలోపు పెళ్ళయిపోతుంది బాబూ! ఆ పిల్ల ఏం కట్టుకుని పీటల మీద కూర్చోవాలి?"

మామయ్య తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఫోను తిప్పిన చప్పుడు, "ఊఁ, ఊఁ, చిత్తం" అన్న మాటలు వినిపించాయి. తలుపు తీసుకుని వచ్చి, "ఒప్పుకుంది. మేస్త్రీ, వెళ్ళి తెరువు" అన్నాడు. టైలరుకి ఆనందంతో ఏం చెయ్యాలో తోచలేదు. "ఆ హెడ్డాఫీసు ఏ దిక్కున ఉందండీ?" అని అడిగాడు. "తూర్పున" అన్నాడు మామయ్య. టైలరు తూర్పుకి తిరిగి రెండు చేతులూ జోడించాడు. అటువైపు మా సైకిళ్ళ షెడ్డు ఉంది.

టైపిస్టుకి బిడ్డ పుట్టినప్పుడూ అంతే. ఇంట్లో చూసేవాళ్ళు లేరు, ఉద్యోగం మానేస్తానని ఏడుస్తూ వచ్చింది. మామయ్య గదిలోకి వెళ్ళి, "ఊఁ, ఊఁ, చిత్తం" అని బయటికి వచ్చి, "స్టోరు గదిలో ఉయ్యాల కట్టుకోమన్నారమ్మా" అన్నాడు. బీరువాల మధ్య ఆ పాప ఏడాది తిరిగేదాకా ఊగింది. తాళాల మేస్త్రి భార్య జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, పొద్దున్నపూట ఆస్పత్రిలో ఉండి మధ్యాహ్నం పనికి వచ్చే వీలు కూడా హెడ్డాఫీసే ఇచ్చింది. ఆవిడ జబ్బు తగ్గుతూ, పెరుగుతూ ఏళ్ళు సాగింది. ఆ వీలూ సాగింది. అప్పట్నుంచీ మేస్త్రి మామయ్య గదిలో ఫోను ముందునుంచి వెళ్ళాల్సివస్తే తలపాగా తీసి చేత్తో పట్టుకునేవాడు.

"హెడ్డాఫీసు చల్లగా ఉండాలి సార్" అనేవాడు.

"ఉంటుందిలే. సముద్రపు గాలి కదా" అనేవాడు మామయ్య.

ఒక ఏడాది బదిలీల కాలంలో, మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది. మామయ్య "చిత్తం" అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. ఫోను పెట్టేసి, మా ముందుకు వచ్చి నిలబడి, "నన్ను రమ్మన్నారు" అన్నాడు. ఎక్కడికి అని ఎవరం అడగలేదు. టైపిస్టు మెతుకులు అంటిన చేత్తోనే చప్పట్లు కొట్టింది. మేస్త్రి ఏడ్చాడు. నాకు సంతోషమూ దిగులూ ఒకేసారి వచ్చి, దేనికి ముందు చోటివ్వాలో తెలియక మంచినీళ్ళు తాగాను.

అత్తయ్య సామాను సర్దడం మొదలుపెట్టింది. "సముద్రం దగ్గర బట్టలు తొందరగా ఆరవటగా?" అని వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేది, అక్కడేదో కష్టం తమకోసం ఎదురుచూస్తున్నట్టు, కళ్ళు మాత్రం మెరుస్తుండగా. మామయ్య కోటు వేసుకుని ఆఫీసుకి రావడం మొదలుపెట్టాడు. ఎండాకాలం. చెమటలు కారిపోతున్నా విప్పేవాడు కాదు. "అలవాటు కావాలి కదే" అనేవాడు. సార్ అనమనడం కూడా మరిచిపోయాడు.

వారం తిరిగిందో లేదో, ఒక మధ్యాహ్నం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఈసారి "ఊఁ, ఊఁ" లేదు. మాటలు లోగొంతుకతో చాలాసేపు సాగాయి. అత్తయ్య క్యారేజీ తెచ్చి, తలుపు తీసేదాకా అక్కడే నిలబడింది. మామయ్య బయటికి వచ్చాడు. కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు.

"హెడ్డాఫీసు మనసు మార్చుకుంది. నన్ను ఇక్కడే ఉండమంది" అన్నాడు.

మా నోళ్ళు పడిపోయాయి. తర్వాత ఒక్కసారిగా లేచాయి. మొట్టమొదటిసారి మేం హెడ్డాఫీసుని తిట్టాం. రమ్మని వద్దనడమేమిటి, మనుషులనుకున్నారా, బీరువాలనుకున్నారా అన్నాం. మేస్త్రి అయితే తలపాగా బిగించి ఫోను వంక మింగేసేలా చూశాడు.

"దాన్నేమీ అనకండర్రా. పైన కూర్చున్నవాళ్ళకి పైవాళ్ళ ఇబ్బందులుంటాయి" అన్నాడు మామయ్య, తనే తప్పుచేసినట్టు. అత్తయ్య క్యారేజీ విప్పి ఆయనకి వడ్డించింది. ఒక్క మాట అడగలేదు. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి, సర్దిన సామానంతా విప్పి ఎక్కడివక్కడ పెట్టేసింది.

మామయ్య ఆ బ్రాంచిలోనే రిటైరయ్యాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి బదిలీ ఆర్డరు ఒకటి నిజంగానే వచ్చింది. నాకు. హెడ్డాఫీసుకి. స్టేషనుకి వచ్చి మామయ్య రైలు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. "కిటికీలు ఉన్నాయో లేదో చూసి ఫోను చెయ్యి" అన్నాడు. "ఎవరితోనూ గట్టిగా మాట్లాడకు. హాల్లో ప్రతిధ్వని వస్తుంది." రైలు కదిలాక కూడా పక్కనే నడుస్తూ ఇంకేదో చెప్పాడు గానీ వినిపించలేదు.

కిటికీలు ఉన్నాయి. సముద్రమూ ఉంది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, హాల్ని అడ్డగోడలతో గదులు చేశారు. బ్రాంచీల వ్యవహారాలు చూసే ఒక పెద్దాయన దగ్గర నన్ను వేశారు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, కళ్ళజోడు కోసం వెతుక్కునే మనిషి.

"ఏ బ్రాంచి నుంచమ్మా?" అన్నాడు. చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఒప్పుకోని బ్రాంచా!"

"ఏమిటండీ?"

"ఇక్కడ అందరూ అలాగే అంటారు. ఎంత పెంకివాళ్ళమ్మా మీరు! పనిగంటలు పెంచుదామని ఎన్నిసార్లు అడిగాం. 'నాకేం అభ్యంతరం లేదు సార్, బ్రాంచి ఒప్పుకోదు' అనేవాడు మీ మేనేజరు. మేస్త్రిని మార్చి కుర్రవాణ్ణి వేస్తామంటే బ్రాంచి ఒప్పుకోదు. సెలవులు తగ్గిస్తామంటే బ్రాంచి ఒప్పుకోదు. పాపం, మెత్తటి మనిషి, మీ అందరికీ హడలిపోతూ బతికాడు. ఆ టైపిస్టు ఒకావిడ ఉండేదిట కదా. ఆవిడ పేరు చెబితే మా అందరికీ భయం."

"ఆవిడా? ఆవిడ చంటిపిల్ల తల్లండీ. స్టోరు గదిలో ఉయ్యాల కట్టుకోమని మీరే కదా అనుమతిచ్చారు?"

"బీరువాల గదిలో ఉయ్యాలా? మేమా?" పెద్దాయన గొంతు పెరిగింది. "అలాంటి ఫోను నాకెప్పుడూ రాలేదు."

టైలరు సంగతి అడిగాను. మేస్త్రి ఆస్పత్రి సంగతి అడిగాను. ఆయన ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్ళు మండి, "పోనీ, ఆయన్ని రమ్మని పిలిచి మళ్ళీ వద్దన్నారెందుకు? అదైనా మీరేనా, కాదా?" అన్నాను.

"మేం వద్దనడమేమిటమ్మా? నేనే స్వయంగా పిలిచాను. మీ బ్రాంచి ఎత్తేసి పక్క ఊరి బ్రాంచిలో కలిపేస్తున్నాం, వాళ్ళందరూ అక్కడికి పోతారు, నువ్వు ఇక్కడికి వచ్చెయ్యి అన్నాను. సంతోషంతో ఆయనకి మాట రాలేదు. తర్వాత ఆయనే ఫోను చేసి, 'నేను ఇక్కడే ఉంటాను, బ్రాంచిని ఉంచండి. వీళ్ళు ఒప్పుకోవడం లేదు' అని నాతో పోట్లాడినంత పని చేశాడు. మీరంతా అంత గొడవ చేశారట కదా?"

"బ్రాంచి ఎత్తేస్తున్న సంగతే మాకెవరికీ తెలియదండీ" అన్నాను.

పెద్దాయన నుదుటి మీది కళ్ళజోడు కిందికి లాగి పెట్టుకుని నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. పక్క ఊరికి పోతే మేస్త్రి ఉద్యోగం వదులుకునేవాడు, లేదా ఆస్పత్రిలో ఉన్న భార్యని వదులుకునేవాడు. ఇంట్లో చూసేవాళ్ళు లేని పిల్లతో టైపిస్టూ వెళ్ళగలిగేది కాదు. "ఆయన్ని ఒకసారి పిలవండమ్మా" అన్నాడు పెద్దాయన.

ఫోను చేశాను. "రిటైరైనవాణ్ణి, నేనెందుకే అక్కడికి? పైగా హెడ్డాఫీసు..." అని మామయ్య మొదలుపెట్టాడు.

"హెడ్డాఫీసే పిలుస్తోంది మామయ్యా."

"అయితే మీ అత్తయ్యకి కొత్త చెప్పులు కొనాలి" అన్నాడు.

కోటు వేసుకునే వచ్చాడు. అది భుజాల దగ్గర వదులైంది. పెద్దాయన ఎదురొచ్చి చేతులు పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళి, టీ చెప్పొస్తానని బయటికి వెళ్ళాడు. గదికి ఒక వైపంతా కిటికీ. అత్తయ్య దాని ముందు నిలబడిపోయింది.

"ఇన్ని నీళ్ళా!" అంది.

నేను ఇక ఆగలేకపోయాను. "మామయ్యా, చేసిందంతా నువ్వు చేసి హెడ్డాఫీసు చేసిందని ఎందుకు చెప్పావు?"

మామయ్య దొంగతనంలో దొరికినట్టు అటూ ఇటూ చూశాడు. "ఎవరో మనిషి చేశాడంటే మొహమాటపడతారే. ఎదురైనప్పుడల్లా తల వంచుకుంటారు. హెడ్డాఫీసు ఇచ్చిందంటే దర్జాగా తీసుకుంటారు. ఆ టైపిస్టు ఎంత దర్జాగా ఊపేది ఉయ్యాల, చూశావు కదా?"

"మరి నీకు ఇక్కడికి రావాలని అనిపించలేదా, వద్దన్నాక?"

"ఎందుకనిపించదే? రోజూ అనిపించింది" అన్నాడు మామయ్య మామూలుగా. ఆకలేసిందా అంటే వేసిందన్నట్టు.

"నాకప్పుడే తెలుసు" అంది అత్తయ్య, కిటికీ వైపు నుంచి తిరగకుండానే. "క్యారేజీ పట్టుకుని తలుపు బయట నిలబడి అంతా విన్నాను."

మామయ్య నిర్ఘాంతపోయాడు. "మరి అడగలేదేం?"

"అడిగితే మీరు ఏమనేవారు? హెడ్డాఫీసు అనేవారు. సామాను విప్పుకోక మరేం చెయ్యను?" అని ఆవిడ కొంగుతో అద్దం మీద తన ఊపిరి ఆవిరిని తుడిచి మళ్ళీ బయటికి చూసింది. మామయ్య వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే అద్దంలోంచి చూడాలని ఏమీ లేదు, కిటికీ చాలా పెద్దది. అయినా ఒకే అద్దంలోంచి చూశారు.

కాసేపటికి మామయ్య వెనక్కి తిరిగి, పెద్దాయన బల్లనీ కుర్చీనీ చూశాడు. "ఒక్క నిమిషం కూర్చుంటే ఏమైనా అనుకుంటాడంటావా?" అని నన్ను గుసగుసగా అడిగాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు. బల్ల మీద రెండు చేతులూ పరిచాడు. అదే సమయానికి ఫోను మోగింది.

నేను చెయ్యి చాపేలోపు ఆయన ఎత్తేశాడు. ఎక్కడిదో ఒక బ్రాంచి మేనేజరు. గొంతు బయటికే వినిపిస్తోంది.

"సార్, మా డ్రైవరు కూతురికి ఆపరేషనండీ. ఉన్న సెలవులన్నీ అయిపోయాయి. ఇంకో నెల అడుగుతున్నాడు. నాకు ఇవ్వాలనే ఉంది, కానీ హెడ్డాఫీసు ఒప్పుకోవాలి కదండీ."

మామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు.

"ఒప్పుకుంది. వెళ్ళమనండి" అన్నాడు.

"సార్? ఎవరండీ మాట్లాడేది?"

"హెడ్డాఫీసు" అని చెప్పి మామయ్య ఫోను పెట్టేశాడు.

నేను వెనక్కి తిరిగాను. తలుపు దగ్గర పెద్దాయన టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టే ఉంది. "సార్, సెలవు..." అన్నాను.

"ఎన్నాళ్ళిచ్చాడు?"

"నెల."

"నేనయితే రెండు వారాలకి బేరమాడేవాణ్ణి" అన్నాడు పెద్దాయన. కప్పు మామయ్య ముందు పెట్టి, ఎదురుగా వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో తను కూర్చుని, జేబులోంచి కలం తీసి చిన్న కాగితమ్ముక్క మీద ఆ డ్రైవరు సెలవు సంగతి రాసుకున్నాడు.

"ఇంక లేవండి మహానుభావా" అంది అత్తయ్య. "ఇంకో రెండు ఫోన్లు వచ్చాయంటే ఈ కంపెనీ మూసేసుకోవాలి."

మామయ్య లేవలేదు. టీ చాలా నెమ్మదిగా తాగాడు, ఫోను వంకే ఆశగా చూస్తూ.